ఆరు చాయ్‌ల లెక్క

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ అడవుల దాకా జట్టుగా బండ్ల మీద పోవాలనుకునేవాళ్లు ముందుగా కనుక్కోవలసింది దారి కాదు. దారి ఎవరైనా చెబుతారు. మీ జట్టు మిమ్మల్ని ఏ పద్ధతిలో లెక్కపెడుతుందో కనుక్కోండి. నేను కనుక్కోకుండా పోయి, పోయినేడు ఒక కల్వర్టు మీద మూడు గంటలు కూర్చున్నాను.

మేము ఆరుగురం. నేను రత్నాన్ని, సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. యూసుఫ్‌ది టైర్ల దుకాణం. మిషన్ బడిలో మేమిద్దరం ఒకే బెంచీ మీద పదేళ్లు కూర్చున్నాం. మల్లేశానిది ఫోటో స్టూడియో. నా పెళ్లి ఆల్బంలో అతను నా కుడి చెవి కోసేసిన సంగతి ఇక్కడ అవసరం లేదు. సుజాత స్టాఫ్ నర్సు, మా అందరికంటే బండి బాగా నడుపుతుంది, ఆ సంగతి మాకు గుర్తు చేస్తూ ఉంటుంది కూడా. ఇక రమేశ్, సురేశ్ అన్నదమ్ములు. పిండిగిర్ని వాళ్లు. ఇద్దరివీ ఒకే రంగు హెల్మెట్లు, ఇద్దరూ కలిసి రోజుకు పది మాటలు మాట్లాడతారు.

మా జట్టులో లెక్క చాయ్‌తోనే. ఆగిన ప్రతిచోటా బయలుదేరే ముందు యూసుఫ్ "ఎన్ని చాయ్‌లైనయ్?" అని అడుగుతాడు. "ఆరు" అంటే ఆరుగురం ఉన్నట్టు. పోయినేడు గోదావరికి ఇవతల, కాలువ పక్క రోడ్డు మీద నా వెనక చక్రం గాలి పోయింది. అందరికంటే వెనక ఉన్నది నేనే. హారన్ కొట్టాను, ఎవరూ తిరిగి చూడలేదు. నా ఫోను చార్జింగ్ కోసం మల్లేశం సంచిలో ఉంది. వాళ్లు ఖానాపూర్ చేరారు, చాయ్ తాగారు, లెక్క అడిగారు. ఆరు అని వచ్చింది. మల్లేశం రెండు తాగాడు కాబట్టి వచ్చింది.

మూడు గంటలకు యూసుఫ్ ఒక్కడే వెనక్కి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. నేను ఎండలో మాడుతుంటే ఈయన గోదావరిలో కాళ్లు పెట్టుకుని కూర్చుని వచ్చాడన్నమాట. నేను ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట అనకుండా పదకొండు నెలలు ఉన్నాను.

కరీంనగర్: పసిపిల్లల ఫోటోల మధ్య చార్టు

ఈ ఏడు దసరా అయిపోగానే సుజాత మమ్మల్ని మల్లేశం స్టూడియోకు పిలిపించింది.

"ఇద్దరు పెద్దమనుషులు పదకొండు నెలలసంది మొకాలు తిప్పుకుంట తిరుగుతున్నరు. గిదేం పంచాయితి అన్న?"

"వాన్ని మాఫీ అడగుమను," అన్నాను. "అందరి ముంగట."

"ఎందుకడగాలె మియా?" యూసుఫ్ కుర్చీలోంచి లేచాడు. "ఐదుగుర్ల వాపస్ వచ్చిందెవడు? నేనే గద!"

"మూడు గంటలకు వచ్చినవ్."

"వచ్చిన గద!"

చివరికి సుజాత తీర్పు చెప్పింది. ఈసారి ముందు నడిపేది నేను, పద్ధతులన్నీ నావే. ఆరుగురం ఎవరినీ వదలకుండా తిరిగి వస్తే యూసుఫ్ అందరి ముందూ మాఫీ అడగాలి. నా నడకలో ఒక్కరు తప్పిపోయినా ఖానాపూర్ మాట నేను చచ్చేదాకా ఎత్తకూడదు.

"సచ్చినంక గూడ ఎత్తద్దని రాపియ్యి చెల్లె," అన్నాడు మల్లేశం. "గీ సారును నమ్మలేం."

మాఫీ ఎట్లా చెప్పించుకోవాలో కూడా నేను అప్పుడే అనుకున్నాను. నిలబడి, టోపీ తీసి, మెల్లగా. రెండు రోజులు కూర్చుని డ్రాయింగ్ షీటు మీద చార్టు గీశాను. ఆరు బండ్లు పాము నడకలో, ఒకటి మన సగం రోడ్డులో కుడివైపు, దాని వెనకది కాస్త ఎడమకు, ఏ ఇద్దరూ పక్కపక్కన రాకుండా. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటాక రెండు అంకెలు లెక్కపెట్టేలోపు వెనకవాడు ఆ స్తంభం చేరకూడదు. ఒకరినొకరు దాటడం లేదు. అందరికంటే మెల్లగా నడిపేవారి వేగమే జట్టు వేగం. ప్రతివారూ అద్దంలో తమ వెనక బండి లైటు చూసుకుంటూ ఉండాలి, కనబడకపోతే ఆగాలి. మలుపు తిరిగేచోట వెనకవారు కనబడేదాకా కదలకూడదు. ఇంటివాళ్ల ఫోను నంబర్లు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోవాలి. లెక్క హెల్మెట్లతోనే, చాయ్‌తో కాదు. ఈ ముక్క ఎర్ర రంగుతో రాశాను. చివరగా, తప్పిపోయినవారు ఉన్నచోటి నుంచి కదలకూడదు. ముందు నడిపేవాడే వెనక్కి వెళ్లి తెచ్చుకోవాలి.

మల్లేశం ఆ చార్టును బోర్లా పడుకున్న పసిపిల్లల ఫోటోల మధ్య తగిలించాడు. కావాలనే అక్కడ తగిలించాడని నా అనుమానం. బయలుదేరే ముందురోజు సాయంత్రం యూసుఫ్ దుకాణంలో అందరి టైర్లూ చూశాడు, గొలుసులకు నూనె పెట్టాడు. నా వెనక టైరు రెండుసార్లు నొక్కి నా మొహంలోకి చూశాడు. పంక్చర్ సంచీ, పంపూ తనే తీసుకుని "ఎనుక నేనుంట" అన్నాడు.

ఖానాపూర్: అదే బల్ల

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాం. జగిత్యాలలో పూరీ తిన్నాం, ప్లేటు నలభై. కాలువ పక్క రోడ్డు రాగానే నేను చెయ్యెత్తి అందరినీ ఆపాను. ఆ కల్వర్టు చూపించాను. పోయినేడు కూర్చున్నచోటే కూర్చుని, ఎండ ఏ వైపు నుంచి కొట్టిందో కూడా చెప్పాను. మల్లేశం ఫోటో తీశాడు. "శిలాఫలకం పెట్టిద్దామా సారూ?" అన్నాడు. యూసుఫ్ మాత్రం నా వైపు రాలేదు, కాలువ గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తున్నాడు.

ఖానాపూర్‌లో వాళ్లు నన్ను వదిలి చాయ్ తాగిన హోటల్లోనే ఆగాలని పట్టుబట్టాను. అదే బల్ల. మిర్చి బజ్జీలు బాగున్నాయి, ఆ మాట బయటికి అనలేదు. హోటలాయన మా హెల్మెట్లు చూసి గుర్తుపట్టాడు.

"పోయినేడు గూడ వచ్చిండ్రు గద! రెండు చాయ్‌లు తాగే సారేడి?"

మల్లేశం చెయ్యెత్తాడు. ఆయనకు చాయ్ తాగినవాడు గుర్తున్నాడు, చాయ్ దొరకనివాడు గుర్తు లేడు. నేను హెల్మెట్లు లెక్కపెట్టి, ఆరు చూసుకుని, లేచాను.

ఉట్నూర్: రాం రాం

ఖానాపూర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు, వాటి వెనక టేకు అడవి. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని వరసగా వంగి కదులుతున్నారు. అడవి మొదలయ్యాక చలి మోచేతుల్లోంచి ఎక్కింది. సీతాఫలాల గంప నూట ఇరవై చెప్పారు. మా కరీంనగర్ మార్కెట్లో ఆ డబ్బుకు సగం గంప కూడా రాదు. కొన్నాం గాని, గంప ఎవరి బండికి కట్టాలనే దగ్గర అందరూ నా బండివైపే చూశారు. ఇది కూడా గుర్తుంది.

మధ్యలో సురేశ్ బండి గొలుసు జారింది. ఇక్కడే చార్టు తన విలువ చూపించింది. సురేశ్ ఆగాడు; అతని లైటు అద్దంలో మాయం కాగానే రమేశ్ ఆగాడు; మల్లేశం ఆగాడు; సుజాత ఆగింది; నేను ఆగాను. నిమిషంలోపు ఐదు బండ్లూ రోడ్డు దిగి వరసగా నిలబడ్డాయి. వెనక నుంచి యూసుఫ్ వచ్చి పది నిమిషాల్లో గొలుసు ఎక్కించి, గ్రీజు చేతులు ఆకులకు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"చార్టు పనిజేస్తుంది రత్నం. ఇంక నేను మాఫీ తయారు జేసుకోవాలె."

"టోపీ తీసి చెప్పాలె," అన్నాను.

"జర సబర్ చెయ్యి మియా. ఇంక ఘాట్ ఉన్నది."

పదకొండు నెలల తరువాత మేమిద్దరం నవ్విన మొదటి నవ్వు అది. నేను తొందరగా ఆపేశాను.

ఉట్నూర్‌లో బస. జొన్న రొట్టె, పచ్చిమిర్చీ వెల్లుల్లీ దంచిన ఠేచా, పల్చటి పప్పు. మహారాష్ట్ర దగ్గరపడేకొద్దీ కారం పొడి నుంచి పచ్చిమిర్చికి మారుతుంది. మా ఇంట్లో ఇంత పచ్చిమిర్చి పెడితే మా ఆవిడతో నాలుగు రోజులు గొడవ పడతాను, ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను. ఇప్పపువ్వు లడ్డూలు అమ్మే ఆమె "రాం రాం" అంది. ఇక్కడ కొత్తవాళ్లను చూసినా రాం రాం అంటారు, అని ఊరుకుంటారు. మా దగ్గరైతే "ఏ ఊరు, ఎవల తాలూకు, గీ బండి ఎంతవడ్డది" అని మూడు ప్రశ్నలైనా పడాలి. ఏమీ అడగనివాళ్ల మీద తప్పు పట్టడం కష్టం. గదిలో తలుపు పక్క మంచం నాకే వచ్చిందనేది వేరే సంగతి.

జైనూర్: సగం గ్లాసు

ఆదివారం. చర్చి ఎగ్గొట్టి తిరుగుతున్నందుకు పాస్టరుగారికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ జైనూర్ చేరాను. అంగడి చూశాం, గోండు ఆడవాళ్ల వెండి కడియాలు చూశాం, మధ్యాహ్నానికి రేకుల కప్పు కింద ఒక హోటల్లో కూర్చున్నాం.

"రత్నం, జొహర్ నమాజ్ చదువుకొని వస్త," అన్నాడు యూసుఫ్. "మసీదు గీ ఎనుకనే. పదిహేను నిమిషాలు."

తల ఊపాను. నీడ కోసం అతను బండిని కూడా మసీదు గోడ పక్కకు తీసుకుపోయాడు. ఇంతలో చాయ్‌లు వచ్చాయి. ఐదు నిండుగా ఉన్నాయి. నాది సగం.

"పాలు ఒడిసినయ్ సార్," అన్నాడు హోటలాయన.

"ఆరుగుర్ల నాకే ఎందుకు ఒడిసినయ్?"

"ఎవలికో ఒగలికి ఒడవాలె గద సార్."

ఇట్లాంటి జవాబు విన్నాక ఎవరైనా ఎట్లా ఊరుకుంటారు? నేను లేచి గ్లాసుల మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు నిండువి, ఆరోది సగం. మళ్లీ ఒకసారి ఆయనకు వినబడేట్టు లెక్కపెట్టాను. మల్లేశం ఒక చేత్తో తన గ్లాసు, ఇంకో చేత్తో యూసుఫ్ గ్లాసు పట్టుకుని "సల్లారిపోతది" అంటూ రెండూ తాగేశాడు.

"పోనియ్యి అన్న, నాది తీస్కో," అంది సుజాత.

నాకు ఇంకొకరి చాయ్ వద్దు. నా చాయ్ కావాలి. సగం గ్లాసుకు నిండు డబ్బులిచ్చి, ఆ సంగతి ఆయనకు రెండుసార్లు చెప్పి, హెల్మెట్ తగిలించుకుని చెయ్యెత్తాను. "నడువుండ్రి!"

సుజాత బండి దగ్గర ఆగి ఏదో అడిగింది. హెల్మెట్‌లోంచి "అందరు..." అన్న ముక్కే వినబడింది.

"ఆరు! నేనే లెక్కవెట్టిన!" అని అరిచి క్లచ్ వదిలాను.

కెరమెరి ఘాట్: చివరి లైటు

ఘాట్ అందంగా ఉంటుంది. వానలు వెనకబట్టినా కొండలు ఇంకా పచ్చగా ఉన్నాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ లోయ ఇంకో పక్కకు వస్తుంది. కోపం మూడో మలుపు దగ్గర తగ్గింది. ఇప్పటి బండ్లకు పగలు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి అద్దంలో లెక్క సులువు. తిన్నగా ఉన్నచోట చూశాను: నా వెనక ఐదు లైట్లు, ఎడం తప్పకుండా. ఇంకొక్క పూట ఇట్లాగే నడిస్తే చాలు.

ఘాట్ దిగాక అందరినీ ఆపాను. ఐదు బండ్లూ ఆగాయి. చివరి బండి మీంచి సంచీ తగిలించుకున్న ఒక సన్నటి మనిషి దిగాడు.

"ఏమైంది సార్? రోడ్డు బందైందా?"

అందరం ఆయన వెనక యూసుఫ్ బండి కోసం చూశాం. ఆయన పోస్టుమ్యాన్. సెలవు కాబట్టి అత్తగారి ఊరికి పోతున్నాడు. "మీరు మలుపు మలుపుకు చేతులు సూపెట్టుకుంట పోతుంటే మంచిగనిపిచ్చింది సార్. ఘాట్ల ఒక్కన్ని పోవుడెందుకని మీ ఎనుకనే వచ్చిన."

సురేశ్ నోరు విప్పాడు. "నా అద్దంల లైటు కనవడ్డది అన్న. చార్టుల లైటు అని రాసినవ్. మనిషి అని రాయలే."

మల్లేశం పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "సారూ, యూసుఫ్ చాయ్ గూడ నేనే తాగిన."

ఫోన్లకు సిగ్నల్ లేదు. సుజాత తనూ వస్తానంది. వద్దన్నాను. ముందు నడిపేవాడే వెనక్కి పోవాలని రాసింది నేనే. "మీరు నలుగురు ఈన్నే ఉండుండ్రి. కదలద్దు," అన్నాను. పోస్టుమ్యాన్ కూడా కదలలేదు. తనవల్లే ఏదో తప్పు జరిగిందనుకున్నట్టున్నాడు.

మళ్లీ జైనూర్

దిగేటప్పుడు అందంగా ఉన్న ఘాట్ ఎక్కేటప్పుడు వేరేగా ఉంది. యూసుఫ్ కదలకుండా ఉన్నాడా, మమ్మల్ని అందుకుందామని బరువు సంచీతో తొందరపడి వచ్చాడా? వస్తే ఎదురు రావాలి కదా, ఎందుకు రాలేదు? ప్రతి మలుపులో లోయ అంచున రాళ్లు కదిలాయేమోనని చూశాను. గడ్డి నలిగిందేమోనని చూశాను. కల్వర్టు మీద కూర్చున్నవాడికి కోపం ఒక్కటే ఉంటుంది, వెతుక్కుంటూ వచ్చేవాడికి కోపం తెచ్చుకునే తీరిక కూడా ఉండదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక మలుపు కింద చిన్న ఒర్రె పారుతోంది. నీళ్ల మధ్య నల్లగా, గుండ్రంగా, చక్రం లాంటిది. బండి ఆపి, తుమ్మకంపలు పట్టుకుని దిగి, నీళ్లలో నడిచి పోయాను. పాత లారీ ట్యూబు. అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. కాసేపటికి లేచి, గట్టు ఎక్కి, మళ్లీ బండి తీశాను.

జైనూర్‌లో అదే రేకుల కప్పు కింద, అదే బల్ల దగ్గర యూసుఫ్ కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. నా ప్యాంటు చూశాడు.

"ఏడ దిగినవ్?"

"ఒర్రెల."

"ఏం దొరికింది?"

"పాత ట్యూబు."

"నాకు కాలువల సచ్చిన బర్రె దొరికింది," అన్నాడు. "నల్లగ కనవడితే నీ బండి అనుకున్న. నడుముల దాంక దిగుదామనుకునేసరికి మూతి కనవడ్డది. రెండు గంటలు గా కాలువ ఇవుతల గట్టు పొంటే దేవులాడిన. నువ్వేమో అవుతల రోడ్డు మీద కల్వర్టెక్కి కూసున్నవ్."

నేను బల్ల మీద కూర్చుని తడిసిన ప్యాంటు అంచులు పిండుకున్నాను.

"గప్పుడే చెప్పొచ్చు గద."

"మొకం జూడనిచ్చినవా? పదకొండు నెలలు!"

"మరి ఇయ్యాల మా ఎనుక ఎందుకు రాలే?"

"చార్టుల కదలద్దని రాసినవ్ గద మియా. నేను చార్టు మాట తప్పుతనా?" అని, బల్ల మీద బోర్లించిన సాసరు తీశాడు. దాని కింద నిండు గ్లాసు చాయ్. "పాలు తెప్పిచ్చిన. మా రత్నానికి సగం పోస్తవా అని గట్టిగనే అడిగిన."

"ఒక్క గ్లాసుకు రెండు లొల్లులైనయ్ సార్," అన్నాడు హోటలాయన పొయ్యి దగ్గర నుంచి. "అసొంటి దోస్తులను నేను సూడలే."

చాయ్ చల్లారి మీగడ కట్టింది. మొత్తం తాగాను. మాఫీ నేను అడగలేదు, ఒప్పందంలో నా మాఫీ సంగతి లేదు. యూసుఫ్ బండికి కట్టిన పంక్చర్ సంచీ, పంపూ విప్పి నా బండికి కట్టుకున్నాను. యూసుఫ్ తాడు పట్టుకుని ముడి వేయించాడు.

"ముందల నువ్వు నడువు," అన్నాను. "ఎనుక నేనుంట."

బెల్లంపల్లి: బిళ్లలు

ఘాట్ కింద మమ్మల్ని చూసి సుజాత ముందు ఇద్దరినీ తిట్టింది, తరువాత నా మోచేతి గీతలకు మందు రాసింది. పోస్టుమ్యాన్ మమ్మల్ని ఆరుగురినీ వేలుతో లెక్కపెట్టుకుని, "ఇగ సరిపోయింది" అని, రాం రాం చెప్పి పోయాడు.

బెల్లంపల్లిలో చాయ్‌కి ఆగితే పక్క బల్ల మీద ఒక రిటైరైన బొగ్గుబాయి కార్మికుడు మా కథంతా విన్నాడు. మల్లేశం చెప్పాడు, నటిస్తూ. ముసలాయన నవ్వలేదు.

"మేం బాయిల దిగేటప్పుడు ఒక్కొక్కనికి ఒక ఇత్తడి బిళ్ల ఉండేది బిడ్డా. దాని మీద నంబరు. బిళ్ల అప్పజెప్పి దిగాలె, పైకొచ్చి ఎవల బిళ్ల వాళ్లే తీస్కోవాలె. మేకుకు ఒక్క బిళ్ల మిగిలిందంటే ఒక్క మనిషి లోపలున్నట్టు. షిఫ్టు అయిపోయినా ఎవ్వడు ఇంటికి పోకపోయేది." మల్లేశం ముందున్న రెండు ఖాళీ గ్లాసుల వైపు చూశాడు. "నీ చాయ్ ఇంకోడు తాగుతడు. నీ బిళ్ల ఇంకోడు తియ్యడు."

బయలుదేరేటప్పుడు యూసుఫ్ అలవాటుగా "ఎన్ని చాయ్‌లైనయ్?" అనబోయి ఆగిపోయాడు. మేం ఆరుగురం హెల్మెట్లు చేతిలో పట్టుకుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇప్పుడు మల్లేశం స్టూడియోలో చార్టు పక్కన ఆరు మేకులు ఉన్నాయి, ఆరు ఇత్తడి బిళ్లలు. బిళ్లల మీద పేర్లు నేనే చెక్కాను. ఆగినచోట అందరూ బిళ్ల చివరివాడికి ఇవ్వాలి, బయలుదేరేటప్పుడు మొహం చూసి ఎవరిది వాళ్లకు చేతిలో పెట్టాలి. చివరివాణ్ణి నేను. జట్టుగా బండ్ల మీద పోయేవాళ్లకు నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే. మిగతావన్నీ చార్టులో ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు.

ఖానాపూర్ మాట నేనిక ఎత్తను. ఇది రాయడానికి యూసుఫ్ అనుమతి తీసుకున్నాను. "ఒక్కసారి రాసుకో," అన్నాడు, "గని బర్రె సంగతి గూడ రాయాలె." రాశాను.

జైనూర్ సంగతి మాత్రం ఒప్పందంలో లేదు. ఆ నిండు గ్లాసు యూసుఫ్ ఇప్పించింది. హోటలాయన ఇవ్వవలసిన సగం ఇంకా అట్లాగే ఉంది.